చిలప నూలుకు ఇంట్లోనే అద్దకం: చెన్నై నీళ్లు, చెన్నై ఎండ లెక్కలోకి తీసుకుంటే

గిన్నెలో ఉన్నంతసేపు నెమలికంఠం రంగులో మెరిసిన చిలప (వలయంగా చుట్టి ముడులు వేసిన దారపు కట్ట), రెండు ఉతుకులు పడేసరికి వెలిసి బూడిద నీలంగా మిగలడం ఇంటి అద్దకంలో చాలామందికి ఎదురయ్యే సమస్య. రంగు పొడి నాసిరకమనుకుని ఇంకో దుకాణం వెతుకుతారు. పొడిలో లోపం ఉండటం మాత్రం తక్కువే. దారం ఏ రకమో తేల్చుకోకపోవడం, నీళ్ల సంగతి పట్టించుకోకపోవడం, పాళ్లను కళ్లతో అంచనా వేయడం, ఆఖరి ఉతుకును మధ్యలో ఆపేయడం. వెలిసిన చిలప వెనక సాధారణంగా ఈ నాలుగింటిలో ఒకటి దొరుకుతుంది. చెన్నైలో పని పెట్టుకుంటే ఎండ, ఉక్కపోత, బోరు నీళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. చలి దేశాలవాళ్లు రాసిన కొలతలను ఉన్నవి ఉన్నట్టు వాడితే ఇక్కడ కొన్ని చక్కగా కుదురుతాయి, కొన్ని అడ్డం తిరుగుతాయి.

అద్దకం ఈ ఊరికి కొత్త కాదు. 1639లో ఈస్టిండియా కంపెనీ దామెర్ల నాయకుల నుంచి ఈ తీరంలో చోటు సంపాదించుకున్నది ప్రధానంగా ఇక్కడి నూలు బట్టల కోసమే. 1734లో చింతాద్రిపేటను నేత పనివాళ్ల పేటగా కట్టారు. ఎండ, నీళ్లు, గాలిలో తేమ అప్పటి పనివాళ్లకూ ఇవే. వాటిని లెక్కగట్టి పని చేసుకున్నారు.

ముందు దారం ఏమిటో తేలాలి

ఫ్యాన్సీ దుకాణాల్లో "ఉలన్" పేరుతో అమ్మే దారపు ఉండల్లో చాలావరకు ఉన్ని ఉండదు, అక్రిలిక్ ఉంటుంది. ఇంట్లో మామూలుగా వాడే రంగులేవీ అక్రిలిక్‌కు పట్టవు. ఎంత మరిగించినా పైపైన మరకలా అంటుకుని ఉతుకులో పోతుంది. నూలు, పాలియెస్టర్ కలిసిన దారంలో నూలు పోగులు మాత్రమే రంగు తాగుతాయి కాబట్టి అనుకున్న ఛాయలో సగం దగ్గరే ఆగుతుంది. అందుకని కొన్న వెంటనే రెండు అంగుళాల పోగు తెంపి, పటకారుతో పట్టుకుని, సింకు మీద కాల్చి చూడాలి. నూలు కాగితంలా మండి మెత్తని బూడిద అవుతుంది. ఉన్ని, పట్టు వెంట్రుకలు కాలిన కంపు కొడతాయి, మిగిలిన నల్లటి పూస వేళ్ల మధ్య పొడి అవుతుంది. అక్రిలిక్, పాలియెస్టర్ కరిగి ముడుచుకుని గట్టి పూస కడతాయి, అది నలగదు.

నూలుకు రియాక్టివ్ రంగులు, ఉన్నికీ పట్టుకూ యాసిడ్ రంగులు. ఈ రెండు జతలూ గుర్తుంటే సగం నష్టం తప్పుతుంది. చెన్నైలో ఒంటి మీద వేసుకునేవీ, ఇంట్లో పరుచుకునేవీ ఎక్కువగా నూలువే కాబట్టి రియాక్టివ్ రంగుల గురించే వివరంగా చెప్పుకోవాలి.

ఈ రంగులు 1956లో బ్రిటన్‌కు చెందిన ఐసీఐ కంపెనీ ద్వారా బజారులోకి వచ్చాయి. అంతకుముందు నూలు మీద వాడిన చాలా రంగులు పోగులో దూరి కూర్చునేవి లేదా మరో పదార్థం సాయంతో అంటుకునేవి. రియాక్టివ్ రంగు నూలు అణువుతో నేరుగా రసాయన బంధం కలుపుకుంటుంది. ఆ బంధం కుదిరిందా, మామూలు ఉతుకుతో పోదు. చిక్కు ఎక్కడంటే, సోడా యాష్ అనే క్షారం కలిపాక ఈ రంగు నూలుతోనే కాదు, నీటితోనూ కలుస్తుంది. నీటితో కలిసిన రంగు ఇక నూలుకు పనికిరాదు. పోగుల మధ్య ఊరికే ఇరుక్కుని ఉండి, తర్వాత ప్రతి ఉతుకులో కొంచెం కొంచెం బయటికి వస్తుంది. ఇంటి అద్దకంలో ప్రతి జాగ్రత్త వెనకా ఉన్న ఉద్దేశం ఒక్కటే: రంగు నీటి వైపు పోకుండా నూలు వైపు మళ్లించడం.

కొనేటప్పుడు కోల్డ్ బ్రాండా, హాట్ బ్రాండా అని అడగాలి. ప్రోసియన్ పేరుతో వచ్చే రియాక్టివ్ రంగుల్లో ఎం అక్షరం ఉన్నవి కోల్డ్, హెచ్ అక్షరం ఉన్నవి హాట్. కోల్డ్ రకం మామూలు గది వేడిలో పనిచేస్తుంది. హాట్ రకానికి 60 నుంచి 80 డిగ్రీలు కావాలి. రెండూ ఒకేలాంటి ప్లాస్టిక్ పొట్లాల్లో, చేతిరాత పేర్లతో దొరుకుతాయి. హాట్ రకం తెచ్చి చల్లని నీళ్లలో వేస్తే నూలుకు పట్టేది తక్కువ, కడుగులో పోయేది ఎక్కువ. పొట్లం మీద ఏమీ లేకపోతే చిన్న పోగుతో పరీక్ష చేసి, వేడినీళ్లలో ఉతికి చూశాకే మొత్తం నూలు దించాలి.

చిలప కట్టడం, ఉడకబెట్టడం

ఉండగా చుట్టిన దారాన్ని అలాగే ముంచితే లోపలి పొరలు తెల్లగా మిగులుతాయి. కుర్చీ వీపుకో, రెండు మోకాళ్లకో చుట్టి చిలప తీయాలి. నాలుగు చోట్ల ముడి వేయాలి. ముడిదారం చిలప మధ్యలోంచి దూరి ఎనిమిది అంకెలా తిరిగి రావాలి, బొటనవేలు సులువుగా దూరేంత వదులుండాలి. బిగిస్తే ఆ చోట రంగు ఎక్కక తెల్ల పట్టీ పడుతుంది. పోచంపల్లి ఇక్కత్తులో కావాలని చేసేది ఇదే. ఇక్కడ అనుకోకుండా పడితే మాత్రం అల్లికలో అక్కడక్కడా తెల్ల చుక్కలై కనబడుతుంది. ముడిదారం కూడా తెల్లని నూలుదే కావాలి, రంగుదారమైతే దాని రంగు చిలపకు అంటుతుంది.

మిల్లు నుంచి వచ్చిన ముడి నూలులో సహజమైన మైనం ఉంటుంది. పొడి చిలప మీద ఒక నీటిచుక్క వేసి చూస్తే సంగతి తెలిసిపోతుంది. వెంటనే ఇంకితే నూలు సిద్ధం. పూసలా నిలబడితే మైనం ఉంది, ఉడకబెట్టాలి. 100 గ్రాముల నూలుకు 2 లీటర్ల నీళ్లు, 4 గ్రాముల సోడా యాష్, నాలుగైదు చుక్కల డిటర్జెంట్ వేసి గంటసేపు సన్నని మంట మీద ఉంచితే నీళ్లు పలచని టీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లు పారబోసి బాగా జాడించాలి. మెర్సరైజ్డ్ అని రాసి ఉన్న మెరుపు నూలుకు ఇంత అక్కర్లేదు, గోరువెచ్చని డిటర్జెంట్ నీళ్లలో అరగంట నానితే చాలు. మెర్సరైజ్డ్ నూలు అదే పాళ్లలో రంగును ముదురుగా చూపిస్తుందన్నది గుర్తుంచుకుని, మొదటిసారి పావు వంతు తగ్గించి వేయడం మంచిది.

నీళ్లు

ఈ ఊళ్లో అద్దకం చెడిపోవడానికి ఎక్కువగా కారణమయ్యేవి నీళ్లే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటే రెండు విధాల నష్టం. ఒకటి, కొన్ని రంగులు వాటితో కలిసి సన్నని రేణువులుగా పేరుకుని చిలప మీద చుక్కలు పడతాయి. రెండు, సోడా వేయగానే కాల్షియం తెల్లటి సున్నపు పొరగా విడిపోయి పోగుల మీద కూర్చుంటుంది. అప్పుడు రంగు మసకగా, నూలు గరుకుగా తయారవుతుంది. గీజరు కాయిల్ మీద కట్టే పొరా ఇదే. తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్నా ఆమోదమే, వేరే నీళ్లు లేనిచోట 600 వరకు అనుమతి ఉంది. అంటే తాగడానికి పనికొచ్చే నీళ్లన్నీ అద్దకానికి పనికిరావు.

టీడీఎస్ మీటరు అంకె చూసి నిర్ణయించడం సరికాదు. అది నీటిలో కరిగినవన్నీ కలిపి చూపిస్తుంది, అందులో కాల్షియం ఎంతో చెప్పదు. మూతున్న సీసాలో సగం నీళ్లు పోసి, సబ్బు ముక్క తురిమి వేసి గట్టిగా గిలకొడితే చాలు. నురగ నిలబడితే మెత్తని నీళ్లు. నురగ లేకుండా తెల్లటి తెట్టు కడితే కఠిన జలం.

ఒక విడత అద్దకానికి మంచి నీళ్లు మూడు లీటర్లకు మించి అక్కర్లేదు. క్యాన్ నీళ్లు సరిపోతాయి. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు ఇంకా నయం. గాలిలోని తేమ చల్లబడి దిగిన నీళ్లు కాబట్టి వాటిలో కాల్షియం దాదాపు ఉండదు, ఈ ఊరి ఉక్కపోతలో ఒక రాత్రికి బకెట్టు నిండుతుంది. దుమ్ము లేకుండా పలచని గుడ్డలో వడకట్టుకుంటే చాలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన నీళ్లు ఉండనే ఉంటాయి, డాబా కడిగే మొదటి వానను వదిలేసి పట్టుకోవాలి. పొదుపని ఆర్‌వో యంత్రం వదిలే వ్యర్థపు నీళ్లను మాత్రం అద్దకానికి వాడకూడదు. ఫిల్టరు తీసేసిన కాల్షియమంతా చిక్కబడి అందులోనే ఉంటుంది. బోరు నీళ్లు తప్పనప్పుడు లీటరుకు 1 నుంచి 2 గ్రాముల సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కలిపితే కాల్షియాన్ని అది పట్టి ఉంచుతుంది. రసాయనాల దుకాణాల్లో కాల్గన్ అంటే ఇస్తారు.

నీళ్ల వేడి ఇంకో సంగతి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పైన ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. కోల్డ్ బ్రాండ్ రంగును ఆ నీళ్లలో కలిపి సోడా వేస్తే నూలు దించి తిప్పేలోపే రంగులో కొంత నీటితో కలిసిపోతుంది. తెల్లవారుజామున పట్టిన నీళ్లు, లేకపోతే కుండ నీళ్లు వాడాలి. గిన్నెలో 30 నుంచి 35 డిగ్రీలుంటే చాలు. చలి ఊళ్లవాళ్లు గిన్నెను వేడి నీళ్లలో పెట్టి తంటాలు పడేది ఈ వేడి కోసమే, ఇక్కడ అది ఏడాదిలో ఎక్కువ నెలలు ఊరికే దొరుకుతుంది.

100 గ్రాముల నూలుకు పాళ్లు

పాళ్లన్నీ పొడి నూలు బరువును బట్టి వేసుకోవాలి. 100 గ్రాముల నూలుకు అర గ్రాము రంగు లేత ఛాయ, 2 గ్రాములు మధ్యస్థం, 4 గ్రాములు ముదురు. నలుపుకు 6 నుంచి 8 గ్రాములు కావాలి. నలుపు బూడిద రంగులో తేలిందంటే చాలాసార్లు పొడి పిసినారితనంగా వేసినందువల్లే.

వంటింటి కాటా ఒక గ్రాము లోపు తేడాను పట్టలేదు. దానికి ఉపాయం ద్రావణం. 5 గ్రాముల రంగును 500 మి.లీ. నీళ్లలో కరిగిస్తే 1 శాతం ద్రావణం. అందులో ప్రతి 100 మి.లీ.లో ఒక గ్రాము రంగు ఉంటుంది, మందుల షాపులో దొరికే సిరంజితో మి.లీ. చొప్పున కొలుచుకోవచ్చు. ఉదాహరణకు ఆలివ్ పచ్చ కావాలంటే పసుపు 150, నీలం 40, ఎరుపు 10 మి.లీ. దగ్గర మొదలుపెట్టి, చిన్న పోగుల మీద సరిచూసుకోవాలి. కొలిచి రాసుకున్న రంగు మళ్లీ వస్తుంది. చెంచాలతో వేసిన రంగు మళ్లీ రాదు. కరిగేటప్పుడు పొడిని ముందు రెండు చెంచాల నీళ్లతో ముద్దగా నూరి, తర్వాత మిగతా నీళ్లు పోసి, పాత లుంగీ గుడ్డలో వడకట్టాలి. కరగని ఒక్క రేణువు చాలు, చిలప మీద పొక్కులా ముదురు చుక్క పడుతుంది. సోడా కలపని ద్రావణం ఫ్రిజ్‌లో వారం రోజులు బాగుంటుంది, బయట ఈ ఎండల్లో రెండు మూడు రోజులకే బలం తగ్గుతుంది. సీసా మీద ఇది రంగు అని పెద్దగా రాసి, పిల్లల చేతికందని చోట పెట్టాలి. డబ్బాలోని పొడి కూడా తేమకు గడ్డకట్టి పాడవుతుంది, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచాలి.

పొడి తూచేటప్పుడు సీలింగ్ ఫ్యాను తప్పకుండా ఆపాలి. ఉక్కపోస్తుందని ఆపకపోతే ఎగిరిన పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. రియాక్టివ్ రంగుల పొడి కొందరిలో ఆస్తమా లాంటి ఎలర్జీకి దారి తీస్తుంది. ఎన్95 మాస్కు, చేతులకు గ్లౌజులు, కింద తడి న్యూస్‌పేపరు ఉండాలి. గిన్నెలు స్టీలువే వాడాలి, అవి మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

గిన్నెలో 2 లీటర్ల నీళ్లు, 100 గ్రాముల ఉప్పు కరిగించి, రంగు ద్రావణం పోసి కలపాలి. ఉప్పు పని రంగును నీటిలోంచి పోగు వైపు నెట్టడం. లేత ఛాయకు 60 గ్రాములు చాలు, నలుపుకు 160 దాకా పడుతుంది. ఇక్కడ చవకగా దొరికే కల్లుప్పులో మెగ్నీషియం ఉంటుంది, అది నీటి కఠినత్వాన్ని పెంచుతుంది. ప్యాకెట్ మెత్తటి ఉప్పు మేలు. ముందే అరగంట నానబెట్టి పిండిన చిలపను దించి, ఇరవై నుంచి ముప్పై నిమిషాలు తిప్పుతూ ఉండాలి. పొడి చిలపను దించితే తడిసిన చోట ముదురు, తడవని చోట తెలుపు అవుతుంది.

తర్వాత చిలపను పైకి తీసి పక్కన పెట్టాలి. 20 గ్రాముల సోడా యాష్‌ను వేరే గ్లాసెడు నీళ్లలో కరిగించి, చల్లారనిచ్చి, గిన్నెలో పోసి కలిపాకే చిలపను మళ్లీ దించాలి. సోడాను నేరుగా నూలు మీద పోస్తే పోసిన చోట రంగు అప్పటికప్పుడు బిగుసుకుపోయి మచ్చ పడుతుంది, అది ఇక పోదు. గంటసేపు అయిదారు నిమిషాలకోసారి తిప్పాలి.

సోడా విషయంలో చాలామంది పొరబడతారు. వంట సోడాతో పని జరగదు, ద్రావణానికి కావలసిన క్షారగుణం దానికి లేదు. బట్టల సోడా స్ఫటికాల్లో బరువులో సగానికి పైగా నీళ్లే ఉంటాయి. 20 గ్రాముల సోడా యాష్‌కు బదులు స్ఫటికాలైతే 54 గ్రాములు వేయాలి. తెల్లని మెత్తటి పొడిగా ఉండి, చేతికి తేమ తగలనిది సోడా యాష్.

గంట తర్వాత గిన్నెలో ఇంకా ముదురు రంగు నీళ్లే కనబడతాయి. దాన్ని చూసి ఇంకా పట్టలేదేమోనని రాత్రంతా వదిలేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. మిగిలిన రంగులో చాలాభాగం అప్పటికే నీటితో కలిసిపోయినది.

ఉతుకు

అద్దకం నిలిచేదీ పోయేదీ ఇక్కడే. పని అయిపోయిందనుకునే వేళ కాబట్టి నిర్లక్ష్యం కూడా ఇక్కడే జరుగుతుంది. ముందు చల్లని నీళ్లలో మూడు నాలుగు సార్లు జాడించి ఉప్పు, సోడా వదిలించాలి. ఉప్పు మిగిలి ఉండగా వేడినీళ్లలో వేస్తే, విడిపోవాల్సిన రంగును ఉప్పు మళ్లీ పోగులోకే నెడుతుంది. తర్వాత 3 లీటర్ల నీళ్లను మరిగే దశకు దగ్గరగా, 90 డిగ్రీలకు తెచ్చి, కొద్దిగా డిటర్జెంట్ వేసి, చిలపను పది నిమిషాలు ఉంచాలి. నీళ్లు మార్చి మళ్లీ పది నిమిషాలు. రెండోసారి కూడా నీళ్లు ముదురుగా వస్తే మూడోసారి. నీలి టర్కాయిస్, దాన్ని కలిపి చేసిన పచ్చలు ఇంకా ఎక్కువ ఉతుకులు అడుగుతాయి, ఆ రంగు అణువు పెద్దది, పోగుతో నెమ్మదిగా కలుస్తుంది. ఆ రంగులకు సోడా వేశాక గంటన్నర ఇవ్వడం మేలు. కఠినమైన నీళ్లలో సబ్బు వాడితే తెట్టు నూలుకు అంటుకుంటుంది కాబట్టి డిటర్జెంటే వాడాలి.

సరిపోయిందో లేదో తేల్చడానికి తడి చిలపను తెల్ల నూలు గుడ్డలో చుట్టి, పైన బరువు పెట్టి గంట ఉంచాలి. గుడ్డకు మరక అంటకపోతే చాలు. తెల్ల దారంతో కలిపి అల్లే చిలపలకు ఈ పరీక్ష తప్పనిసరి. ఎరుపూ తెలుపూ కలిపి అల్లిన టేబుల్ గుడ్డ మొదటి ఉతుకులోనే గులాబీ రంగుకు తిరిగితే అల్లిన శ్రమ మొత్తం పోతుంది. ఉప్పునీళ్లలోనో, వెనిగర్‌లోనో నానబెడితే రంగు "లాక్" అవుతుందన్న మాట రియాక్టివ్ రంగులకు వర్తించదు. బంధం కుదిరిన రంగుకు తాళం అక్కర్లేదు, కుదరని రంగు ఉతుకులో పోవలసిందే.

ఆరబెట్టడం నీడలోనే. వానాకాలంలో తడి నూలు రోజుల తరబడి ఆరకపోతే ముక్కవాసన వస్తుంది, ఫ్యాను కింద విడదీసి వేలాడదీయాలి. తడిగా ఉన్నప్పుడు ఏ రంగైనా ముదురుగానే కనబడుతుంది, ఆరాక చూసి మాత్రమే ఛాయ నిర్ణయించుకోవాలి.

ఒకే చిలప మీద పలు రంగులు

చేతి అద్దకంలో అందం ఎక్కువగా ఇందులోనే ఉంది, పైగా దీనికి ఉప్పు అక్కర్లేదు. లీటరుకు 60 గ్రాముల సోడా యాష్ కలిపిన నీళ్లలో చిలపను ఇరవై నిమిషాలు నానబెట్టి, చుక్క కారనంతగా పిండాలి. బల్ల మీద ప్లాస్టిక్ పరిచి, చిలపను వలయంగా పెట్టి, 1 నుంచి 3 శాతం ద్రావణాలను సన్నమూతి సీసాలతో పోయాలి. 100 గ్రాముల నూలుకు అన్ని రంగులూ కలిపి 150 మి.లీ. దాటకూడదు. ఎక్కువైతే అడుగున చేరి, ఒకదాంట్లోకి ఒకటి పారి బురదరంగు అవుతుంది. గ్లౌజు వేసుకున్న వేళ్లతో నొక్కుతూ, తిరగేసి రెండో వైపూ పోయాలి. పైకి నిండుగా కనబడినా ఉండ చుట్టేటప్పుడు లోపల తెల్ల పోగులు బయటపడటం మామూలే, నొక్కడం చాలనందువల్ల అది. ఎరుపు పక్కన పచ్చ పెడితే కలిసిన చోట గోధుమరంగు పుడుతుంది. పసుపు నుంచి నారింజ, నారింజ నుంచి ఎరుపు లాంటి వరసలో కలిసిన చోట కూడా బాగుంటుంది.

చిలపను ప్లాస్టిక్ కవరులో గాలి చొరకుండా చుట్టి ఉంచాలి. రంగు నూలుతో కలవడానికి తడి కావాలి, ఆరిన క్షణం ఆ పని ఆగిపోతుంది. చెన్నై వేసవిలో ఆరు గంటలు చాలు, డిసెంబరు, జనవరి రాత్రుల్లో తెల్లారేదాకా ఉంచాలి. ద్రావణంలో 100 మి.లీ.కు 10 గ్రాముల యూరియా కలపమని చాలా కొలతల్లో ఉంటుంది. కవరు సరిగా మూస్తే తేమ కోసం దాని అవసరం ఇక్కడ పెద్దగా లేదు, చిక్కని ద్రావణాల్లో పొడి కరగడానికి మాత్రం పనికొస్తుంది.

అల్లేవాళ్లు ఇంకో లెక్క వేసుకోవాలి. చిలప చుట్టుకొలత 160 సెం.మీ. ఉండి నాలుగు రంగులు సమానంగా వేస్తే, 40 సెం.మీ.కొక రంగు మారుతుంది. అల్లికలో ఒక వరసకు పట్టే దారం 160 సెం.మీ.కు దగ్గరగా ఉంటే ఒకే రంగు ఒకదాని మీద ఒకటి చేరి పట్టీలు పడతాయి. అది వద్దనుకుంటే రంగుల పొడవులు అసమానంగా వేయాలి. ఒక పనికి కావలసిన నూలంతా ఒకే విడతలో అద్దాలి, పది శాతం ఎక్కువే. రెండో విడత ఎంత కొలిచి చేసినా పక్కపక్కన పెడితే తేడా కనబడుతుంది.

ఉన్ని, పట్టు

ఇక్కడ సోడా బదులు పులుపు, చల్లని నీళ్ల బదులు వేడి. 100 గ్రాముల ఉన్నికి 3 లీటర్ల నీళ్లు, 1 శాతం యాసిడ్ రంగు ద్రావణం 100 మి.లీ., 3 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). గోరువెచ్చగా మొదలుపెట్టి, నలభై నిమిషాల్లో 85, 90 డిగ్రీలకు చేర్చి, అరగంట అక్కడే ఉంచి, గిన్నెలోనే చల్లారనివ్వాలి. పని సరిగా జరిగితే నీళ్లు తేటపడతాయి. రంగంతా ఉన్నిలో ఉంటుంది, గరిటెతో గ్లాసులోకి తీసి చూస్తే నీళ్లు అడుగు కనబడేంత తేటగా ఉంటాయి. తేటపడకపోతే ఇంకో గ్రాము నిమ్మ ఉప్పు వేసి పావుగంట ఆగాలి. మరగనివ్వకూడదు, కలియబెట్టకూడదు, వేడి ఉన్నిని చల్లని నీళ్లలో ముంచకూడదు. అలా చేస్తే ఉన్ని పోగుల పొలుసులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని చిలప అట్టలా బిగుసుకుపోతుంది.

పట్టుకు 80, 85 డిగ్రీలు దాటకపోవడం మంచిది, దాటితే మెరుపు తగ్గుతుంది. ముడి పట్టైతే జిగురు తీయడానికి ముందు సబ్బు నీళ్లలో ఉడకబెట్టాలి, ఆ పనిలో బరువు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. రంగు పాళ్లు తగ్గిన బరువుకే వేసుకోవాలి. పిల్లలతో చేయించాలనుకుంటే తినే రంగులు ఉన్నికి చక్కగా పడతాయి, అవీ యాసిడ్ రంగుల్లాంటివే. నూలుకు పట్టవు, ఎండకు నిలవవు.

పసుపు, మంజిష్ఠ, బోరు నీళ్లు

బీట్‌రూట్, మందారం రసాలు నూలు మీద నిలవవు. పసుపు సులువుగా పడుతుంది, వెలుతురుకు అంతే సులువుగా పోతుంది. సబ్బు తగలగానే ఎర్రబడుతుంది కూడా. దిష్టి తీసే ఎర్రనీళ్లలో పసుపుకు సున్నం తగిలితే జరిగేది ఇదే.

నిలిచే సహజ రంగు కావాలంటే ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు ఉంది. చెన్నైలో నాట్టు మరుందు (నాటు మందుల) దుకాణాల్లో మంజిట్టి అని, కరక్కాయను కడుక్కాయ్ అని, పటికను పడికారం అని అడగాలి. 100 గ్రాముల నూలును 20 గ్రాముల కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి, 15 గ్రాముల పటిక కరిగించిన నీళ్లలో మరో రాత్రి ఉంచాలి. నూలుకు పటిక నేరుగా అంటదు, కరక్కాయ వగరు దాన్ని పట్టి ఉంచుతుంది. తర్వాత 50 నుంచి 100 గ్రాముల మంజిష్ఠ పొడిని నానబెట్టిన నీళ్లలో చిలపను వేసి, 60 డిగ్రీల దగ్గర గంటసేపు. రియాక్టివ్ రంగులను పాడుచేసే సున్నపు నీళ్లు ఇక్కడ మేలు చేస్తాయి. మంజిష్ఠ జాతి ఎరుపు బిగుసుకోవడానికి కాల్షియం కావాలి. కృష్ణా డెల్టా, కోరమాండల్ తీరపు కలంకారీలో చిరివేరు (ఆ పేరున్న మొక్క వేరు) ఎరుపు అంతగా పేరు తెచ్చుకోవడంలో అక్కడి నేల, నీళ్లలోని కాల్షియం పాత్ర ఉందని అద్దకం తెలిసినవాళ్లు చెబుతారు. బోరు నీళ్లలో ఇనుము ఉంటే మాత్రం జాగ్రత్త పడాలి. కరక్కాయ వగరుతో కలిసి నూలును నల్లబరుస్తుంది. కలంకారీలో ఇనుము, బెల్లం పులియబెట్టి చేసే కసిం నలుపుకు ఆధారం ఈ గుణమే.

వాడిన నీళ్లు

తిరుప్పూరు అద్దకం పరిశ్రమల వ్యర్థాలు నొయ్యల్ నదిని, ఒరత్తుపాళయం జలాశయాన్ని ఏం చేశాయో తమిళనాడు అంతా చూసింది. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆ యూనిట్లను మూసివేయమనే దాకా వచ్చింది. కంటికి కనబడింది రంగు. పొలాలనూ బావులనూ ఎక్కువగా చెరిపింది ఉప్పు. ఇంటి స్థాయిలో 100 గ్రాముల నూలుకు 100 గ్రాముల ఉప్పు వాడుతున్నామంటే, పాళ్లలో అదే కథ. కాబట్టి ఒకే రంగు చిలపలు నాలుగైదు కావలసినప్పుడు మాత్రమే ఉప్పు గిన్నె పెట్టి, మిగతా పనులకు సోడాలో నానబెట్టి పోసే పద్ధతి ఎంచుకోవడం సమంజసం. ఆ సోడా నీళ్లు రంగు అంటుకోనంతవరకు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

వాడిన గిన్నెలోని 20 గ్రాముల సోడాకు 15 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపితే క్షారం చాలావరకు తగ్గుతుంది. తర్వాత బాత్రూం లేదా సింకు గొట్టం ద్వారా మురుగు కాలువలోకే వదలాలి. తమిళనాడులో 2003 నుంచి ప్రతి భవనానికీ వాననీటి ఇంకుడు గుంత తప్పనిసరి. పెరట్లోనో, పార్కింగులోనో నీళ్లు పారబోస్తే అవి వాలు వెంట చేరేది ఆ గుంతలోకే, అక్కడి నుంచి అదే ఇంటి బోరులోకి. మొక్కలకు పోయకూడదు. ఉప్పుకు తట్టుకునే కుండీ మొక్కలు తక్కువ. వేడి ఉతుకు ఆఖరి విడత నీళ్లలో ఉప్పూ సోడా దాదాపు ఉండవు కాబట్టి, వాటిని చల్లారాక టాయిలెట్ ఫ్లష్‌కు వాడుకోవచ్చు.